రెండు పేర్ల ఇల్లు

లూర్దమ్మ ఎవరికైనా జంకుతుందంటే నందిగామ చుట్టుపక్కల ఏ రైతూ నమ్మడు. ఇరవై ఏళ్లు మిరపకోతల ముఠాకు మేస్త్రిగా నెగ్గుకొచ్చిన మనిషి. కూలి దగ్గర ఎవరైనా పేచీ పెడితే కొంగు నడుముకు చుట్టి గట్టు మీద చతికిలబడేది. ఆమె లేచేదాకా చేలో ఒక్క కాయ తెగేది కాదు. మొగుడు పోయాక ఇద్దరు కొడుకుల్నీ ఆ కోతల మీదే పెంచింది. పెద్దవాణ్ణి మస్కట్ పంపింది, చిన్నవాణ్ణి గవర్నమెంటు బడిలో మాస్టర్ని చేసింది. అటువంటి లూర్దమ్మ పోయిన వేసవిలో 'అలియాస్' అనే ఒక్క మాట ముందు నిలువునా కూలిపోయింది.

ఆ సంగతి తెలియాలంటే ముందు వాళ్ల పేట సంగతి తెలియాలి. మునేటి ఒడ్డున ఉన్న ఆ పేటలో చాలామందికి రెండేసి పేర్లు. గుళ్లో ఒకటి, బళ్లో ఒకటి. గుడి అంటే వాళ్లకు చర్చే. బిడ్డకు జ్ఞానస్నానం చేయించి ఫాదర్‌గారు పెట్టే పేరు గుడిపేరు. ఇంట్లో, వీధిలో, పెళ్లిలో, చావులో అదే పలుకుతారు. బళ్లో వేసేనాడు రాయించేది బడిపేరు. మతం మారినవాడికి ఎస్సీ సర్టిఫికెట్టు చెల్లదని చట్టం. ఆ సర్టిఫికెట్టు లేకపోతే హాస్టలు లేదు, స్కాలర్‌షిప్పు లేదు, ఉద్యోగం లేదు. ఏసుప్రభువును విడిచిపెట్టడానికి మనసు రాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని పెద్దలు ఎప్పుడో దేవుడికొక పేరూ, దొరతనానికొక పేరూ పంచి పెట్టేశారు. దీన్ని మోసం అనదలుచుకున్నవాళ్లు ఒక్క ఎండాకాలం ఆ పేటలో కాపురముండి, ఆ తర్వాత అనవచ్చు.

ఆ లెక్కన లూర్దమ్మ ఆధార్ కార్డులో రత్నమణి. పెద్దకొడుకు దేవరాజ్ బళ్లో హరిచరణ్. చిన్నకొడుకు బెన్ని బళ్లో భవానీప్రసాద్. బెన్నిని బళ్లో వేసిన రోజు ఆమెకు బాగా గుర్తు. కొత్త పేరు మర్చిపోతానేమోనని వాడు ఇంటికొచ్చే దారంతా "నేను భవానీప్రసాద్, నేను భవానీప్రసాద్" అని వల్లెవేస్తూ నడిచాడు. ఇంటి దగ్గరకొచ్చాక ఆగి, "మరి బెన్ని ఎక్కడికి పోతాడమ్మా?" అని అడిగాడు. "యాడికీ పోడు, ఇంట్లోనే ఉంటాడు" అంది ఆమె. పిల్లవాడికి సర్దిచెప్పడానికి అన్నమాటే గానీ, అది ఆమె గుండెలో ముల్లులా దిగింది.

దేవరాజ్ జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో క్రేన్ నేర్చుకుని, హరిచరణ్ అనే పాస్‌పోర్టు మీద మస్కట్ వెళ్లాడు. అక్కడొక ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఫిలిప్పీన్స్ పిల్ల మరిసెల్‌తో స్నేహం కలిసింది. ఆ పిల్లా గుడికి పోయే పిల్లే, జపమాల చెప్పుకునే పిల్లే. ఒకనాడు ఆ పిల్ల కడుపుతో ఉందని తేలింది. పెళ్లికాని కడుపు ఆ దేశంలో జైలు దాకా తీసుకుపోతుంది. ఇద్దరూ ఉద్యోగాలు వదిలేసి, ఆ పిల్లకు దొరికిన టూరిస్టు వీసా పట్టుకుని, విమానం ఎక్కేశారు.

లూర్దమ్మ మొదట రెండు రోజులు ముఖం ముడుచుకునే ఉంది. కోడలికి తన మాట తెలియదు, తనకు కోడలి మాట తెలియదు. మూడోనాడు పొద్దున లేచేసరికి మరిసెల్ వాకిలి ఊడ్చి, ముగ్గు ఎలా వేస్తారో తెలియక పక్కింటావిడ చేతుల వంకే చూస్తూ నిలబడి ఉంది. ఆమెను చూడగానే "నానాయ్" అని పిలిచింది. వాళ్ల భాషలో అమ్మ అని దేవరాజ్ చెప్పాడు. ఆ తర్వాత ముడుచుకోవడానికి లూర్దమ్మకు ముఖం మిగల్లేదు.

పెళ్లి గుళ్లో జరిగింది. రిజిస్టరు రాసే ముందు దేవరాజ్, "ఫాదర్‌గారూ, నా పాస్‌పోర్టు పేరు కూడా రాయండి. వీసా మార్చాలంటే రెండూ కలవాలి" అన్నాడు.

"దానికేముందయ్యా, దేవరాజ్ అలియాస్ హరిచరణ్ అని రాద్దాం" అన్నారు ఫాదర్‌గారు.

ఎక్కడ విన్నదో ఆ మాట, లూర్దమ్మ చివాలున లేచింది. "అలియాస్ అంటే పేపర్లో దొంగోళ్లకి రాసేదిగదండి. నా కొడుకేమన్నా దొంగా? ఇన్నేళ్లు వాడి పేరు ఇంట్లో దాచుకుని బతికా. దేవుడి ఎదురుగానన్నా ఒక్కటే పేరు, వాడి పేరు, ఉండనివ్వండి."

దేవరాజ్ నచ్చజెప్పబోయాడు. ఆమె కళ్లలో నీళ్లు చూసి ఊరుకున్నాడు. ఫాదర్‌గారు దేవరాజ్ అని మాత్రమే రాశారు. మిరపచేలో రైతుల్ని గెలిచినట్టే ఆ రోజు కూడా ఆమె గెలిచింది. అదే ఆమె కొంపముంచింది.

"తర్వాత అఫిడవిట్ ఏదో రాయిద్దాంలే" అనుకున్నాడు దేవరాజ్. పని వెతుక్కోవడంలో నెలలు దొర్లిపోయాయి. ఒకనాడు వీసా సంగతి కనుక్కుందామని బండి మీద విజయవాడ వెళ్లాడు. వచ్చేటప్పుడు "పరిటాల దాటా, అరగంటలో ఇంట్లో ఉంటా" అని ఫోన్ చేశాడు. కీసర దగ్గర లారీ గుద్దింది. పేటంతా కదిలొచ్చి మునేటి ఒడ్డున పూడ్చిపెట్టారు. శిలువ మీద దేవరాజ్ అని రాయించారు.

ఏడుపు తీరకముందే పోలీసులొచ్చారు. వచ్చింది జగన్నాథరావు అనే ఏఎస్సై, ఫారినర్ల ఎంక్వయిరీ చూసే మనిషి. చెడ్డవాడేం కాదు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు, మంచినీళ్లు తాగాడు, దేవరాజ్ ఫొటో ముందు ఒక్క నిమిషం నిలబడ్డాడు. ఆ తర్వాత చెప్పాల్సింది చెప్పాడు.

"చూడమ్మా, టూరిస్టు వీసా అంటే చుట్టపుచూపుకి రావటం లాంటిది. చూసి పోవాలి. ఉండిపోవాలంటే ఈ దేశపోడి భార్యనని రుజువు చేసుకుని వీసా మార్పించుకోవాలి. ఈ అమ్మాయికి గడువు నెలాఖరు దాకానే ఉంది. దాటితే ఒక్కరోజైనా నేరం కిందే లెక్క. జరిమానా ఏస్తారు, పంపించేస్తారు, మళ్లీ అడుగు పెట్టనివ్వకపోవచ్చు కూడా."

"భార్యేగదండి. గుళ్లో పెళ్లయింది. కాగితం ఉంది."

"కాగితంలో మొగుడు దేవరాజ్. మీరు పెట్టిన పాస్‌పోర్టు హరిచరణ్‌ది. దేవరాజ్ అనేవాడు ఈ దేశంలో పుట్టినట్టు ప్రభుత్వానికి తెలవదు."

లూర్దమ్మ మెల్లగా, "పోనీ పోదామన్నా ఎనిమిదో నెలండి. ఇంత నిండు కడుపుతో విమానం ఎక్కించుకోరని డాక్టరమ్మ చెప్పింది" అంది.

"ఆసుపత్రి కాగితం పెడితే కాన్పు దాకా ఆగనిస్తారేమో అడుగుతా. ఆ తర్వాత మాత్రం పోవాల్సిందే. అట్టా కాకుండా ఇక్కడే ఉండాలంటే ఒకటే దారి. ఇద్దరూ ఒకడేనని నోటరీ దగ్గర అఫిడవిట్ ఇయ్యి. ఎరిగినోళ్లు ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి. నా రిపోర్టు నేను అనుకూలంగానే రాస్తా."

మరిసెల్ తలుపు చాటున నిలబడి వింటోంది. ఆయన వెళ్లాక లూర్దమ్మ చేతులూ కళ్లూ తిప్పి తనకు తెలిసినట్టు చెప్పింది. మరిసెల్ తల అడ్డంగా ఊపి, మునేటి వైపు చెయ్యి చూపించింది. "అతను అక్కడ. నేను ఇక్కడ" అంది తనకొచ్చిన తెలుగులో. వాళ్ల దేశంలో ఆమెకున్నది ఒక అక్క, ఆ అక్కకున్నది ఒక గది. ఇక్కడ ఆమెకున్నది ఒక సమాధీ, ఒక అత్తా. లూర్దమ్మకైనా అంతే. పోయిన కొడుకు తాలూకు మిగిలిందంతా ఆ పిల్ల కడుపులోనే ఉంది. అది సముద్రం దాటిపోతే తనకిక చూసుకోవడానికి శిలువ మీది అక్షరాలే.

ఇద్దరు సాక్షులు ఎంతసేపనుకుంది. పేటంతా దేవరాజ్ అని పిలిచినవాళ్లే, ఏడ్చినవాళ్లే. మొదట మోజెస్ ఇంటికి వెళ్లింది. ముఠాకు ఆటో తోలే మనిషి, దేవరాజ్ శవపేటికకు భుజం పట్టిన మనిషి.

మోజెస్ ఆటో అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. చివరికి, "అక్కా, మా జాయిస్‌కి నర్సింగు సీటు వచ్చింది బడిపేరు మీదేగదా. మీ వోడికి రెండు పేర్లని నేను రాసిస్తే, మరి నీ ఇంట్లో సంగతేందని రేపు నన్నడగరా?" అన్నాడు.

ఆ మాటే ఒక్కో గుమ్మంలో ఒక్కోలా విన్నది. ఒకరి కొడుకు కానిస్టేబులు. ఒకరి కోడలు అంగన్‌వాడీ. ఒకరి మనవడు హాస్టల్లో ఉన్నాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ కసురుకోలేదు. నిండు చూలాలికని ఒకరు కోడిగుడ్లు ఇచ్చారు, ఒకరు మునగాకు కోసిచ్చారు, ఒకరు పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టి పెట్టారు. సంతకం మాత్రం ఎవరి చేతా రాలేదు. ఒకరికి రాసిస్తే పేటంతటి బడిపేర్లూ బయటపడతాయని ఫాదర్‌గారూ వెనక్కి తగ్గారు. వాళ్లను తిట్టడానికి లూర్దమ్మకు నోరు రాలేదు. తనే వాళ్ల స్థానంలో ఉంటే ఏం చేసేదో ఆమెకు తెలుసు.

అయినా నోటరీ దగ్గరికి వెళ్లింది. నందిగామ కోర్టు రోడ్డులో రాజ్యశ్రీ అనే లాయరమ్మ. లూర్దమ్మ చెప్పిందంతా ఓపిగ్గా విని, గుడి కాగితం, పాస్‌పోర్టు, ఆధార్ కార్డు వరసగా బల్ల మీద పెట్టుకుంది. కాసేపు ఒకదాని తర్వాత ఒకటి చూసి, కళ్లజోడు తీసేసింది.

"అమ్మా, గుడి పుస్తకంలో దేవరాజ్ తల్లి లూర్దమ్మ. పాస్‌పోర్టులో హరిచరణ్ తల్లి రత్నమణి. మీ ఆధార్ కూడా రత్నమణే. కొడుకులిద్దరూ ఒకడేనని మీరు చెప్పాలంటే, ముందు తల్లులిద్దరూ ఒక్కతేనని ఇంకెవరన్నా చెప్పాలి కదా."

"ఎదురుగా కూర్చున్నాగదమ్మా."

"నాకు కనపడతానే ఉన్నారు. కాగితానికి కనపడొద్దూ?" అంది రాజ్యశ్రీ, బాధగానే. "రక్తసంబంధీకులైతే గట్టిగా నిలబడుద్ది. ఒక్కళ్లు చాలు. ఇంకా పిల్లలున్నారా మీకు?"

ఉన్నాడంది లూర్దమ్మ.

బెన్ని కాపురం జగ్గయ్యపేటలో. వేదాద్రి దారిలో ఒక ఊరి బడికి రోజూ బండి మీద వెళ్లొస్తాడు. ఆ బడి తలుపు మీద, ఇంటి గేటు మీద, జీతం కాగితం మీద అతను భవానీప్రసాదే. తల్లి వచ్చిన పని చెప్పగానే లేచి వీధి తలుపు వేశాడు. భార్య వంటింట్లోకి వెళ్లిపోయింది.

"నేను నీ కొడుకునని, దేవరాజ్ మా అన్నని, మనది గుడికి పోయే ఇల్లని నోటరీలో రాసివ్వాలి. అంతేనా అమ్మా?"

"ఆ ఒక్క సంతకమే నాయనా."

"ఆ ఒక్క సంతకంతో నా సర్టిఫికెట్టు పోద్ది. దాంతోపాటు నా ఉద్యోగం పోద్ది. మొన్నగాక మొన్న మా మండలంలో ఒకాయన మీద ఆకాశరామన్న ఉత్తరం రాస్తే ఇప్పటికీ ఎంక్వయిరీల చుట్టూ తిరగతన్నాడు. నేనైతే నా చేత్తోనే రాసిచ్చినట్టు."

"మరి ఆ పిల్లేం కావాలి? పుట్టే బిడ్డేం కావాలి?"

బెన్ని తల వంచుకున్నాడు. "అమ్మా, అన్న పోయాడు. నేనింకా బతికున్నా" అన్నాడు.

లూర్దమ్మ లేచి నిలబడింది. "లేదురా. నాకొక్కడే కొడుకు. వాణ్ణి మునేటి ఒడ్డున పూడ్చిపెట్టా" అంది. చిన్నకోడలు తెచ్చిన టీ ముట్టుకోకుండా బయటికొచ్చేసింది. బస్సు చిల్లకల్లు దాటేదాకా ఏడుస్తూనే ఉంది. కొడుకు పిరికివాడని ఏడ్చిందో, వాణ్ణి ఆ పిరికితనంలోకి చేయిపట్టుకుని నడిపించింది తనేనని ఏడ్చిందో ఆమెకే తెలియలేదు.

ఆ వారమంతా అత్తాకోడళ్లు సాయంత్రం కాగానే జపమాల పట్టుకుని కూర్చునేవారు. ఒకరు తెలుగులో, ఒకరు వాళ్ల భాషలో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉండటానికి చట్టం ఒప్పుకోదు, పోవడానికి కడుపు ఒప్పుకోదు. మరిసెల్ కాళ్లు పొంగి చెప్పులు పట్టడం మానేశాయి. లూర్దమ్మ వేడినీళ్ల కాపడం పెడుతూ, "ఆ ఒక్క మాట రాయనిచ్చి ఉంటే" అని గొణుక్కునేది. మరిసెల్‌కు మాటలు అర్థం కాకపోయినా ఆమె తల నిమిరేది. ఏడవాల్సినవాళ్లే ఓదార్చడం లూర్దమ్మను మరింత కుంగదీసింది.

గడువు ముంచుకొచ్చింది. ఆఖరి ప్రయత్నంగా కోడలిని వెంటబెట్టుకుని మళ్లీ రాజ్యశ్రీ దగ్గరికి వెళ్లింది. ఎవరి సాక్ష్యమూ లేకుండా తన వేలిముద్ర ఒక్కదానితో ఏమైనా అవుతుందేమో కాళ్లు పట్టుకుని అడుగుదామని. వాళ్లు బల్ల ముందు కూర్చున్నారో లేదో, బయట బండి ఆగిన చప్పుడైంది. బెన్ని లోపలికొచ్చాడు.

ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. నిద్రపోయి ఎన్నాళ్లయిందో. తల్లి వంక చూడకుండా నేరుగా లాయరమ్మతో, "సాక్షి సంతకం పెట్టటానికి వచ్చానండి" అన్నాడు.

రాజ్యశ్రీ కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీసింది. "పేరు చెప్పండి."

బెన్ని నోరు తెరిచాడు. మాట రాలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. లూర్దమ్మ ఆ పెదవుల వంక చూసింది. చిన్నప్పుడు దారి పొడుగునా కొత్త పేరు వల్లెవేస్తూ నడిచిన పెదవులవి. ఇప్పుడు పాత పేరు పలకడానికి అలాగే తంటాలు పడుతున్నాయి. ఏ క్షణమైనా పలుకుతాడు. పలికితే ఇన్నేళ్లుగా ఇంట్లో దాచిన బెన్ని వీధిలోకి వస్తాడు. భవానీప్రసాద్ పోతాడు, అతని జీతం మీద బతికే ఇద్దరు పిల్లల అన్నమూ పోతుంది. కొడుకు తన కోసం చావడానికి సిద్ధపడి వచ్చాడని ఆమెకు అర్థమైంది. ఒకణ్ణి ఇప్పటికే మట్టిలో పెట్టిన తల్లి అంతకు మించి చూడలేకపోయింది.

"ఈ బాబెవరో పొరపాటున వచ్చినట్టున్నాడమ్మా" అంది.

రాజ్యశ్రీ తలెత్తింది. "మీ అబ్బాయి కాదా?"

"కాదమ్మా. ఈయన మాస్టారు. మాకేం కాడు."

బెన్ని ముఖం పాలిపోయింది. "అమ్మా" అన్నాడు.

"పెద్దోళ్లని అమ్మా అనే పిలుస్తారు మంచి పిల్లలు" అంది లూర్దమ్మ లాయరమ్మ వంక చూస్తూ. "మీరు ఎళ్లండి మాస్టారూ. బడికి టైమైద్ది."

రాజ్యశ్రీ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఒకే ముక్కు, ఒకే గడ్డం. పెన్నుకు మూత పెట్టేసింది. బెన్ని బయటికెళ్లి బండి మీద తల పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు. లూర్దమ్మ తిరిగి చూడలేదు. చూస్తే ఆగలేకపోయేది.

ఆటోలో ఇంటికి వస్తుంటే మరిసెల్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నానాయ్, నాకు అర్థమైంది" అంది. నిష్ఠూరంగా అన్నా బాగుండేది. అలా అనలేదు. లూర్దమ్మ కోడలి ఒళ్లో ముఖం దాచుకుని, బిడ్డ కదులుతుంటే చెంపకు తగులుతున్నా లేవకుండా ఏడ్చింది. తను ఏం అమ్ముకుని ఏం కొనుక్కుందో ఆమెకు తెలుసు. తెలిసి చేసినదానికి ఓదార్పు ఉండదు.

జగన్నాథరావు మాట నిలబెట్టుకున్నాడు. ఆసుపత్రి కాగితం మీద కాన్పయి, ఒళ్లు కుదుటపడేదాకా ఉండనిచ్చారు. ఆ తర్వాత మరిసెల్ వెళ్లిపోవాలి. బిడ్డను వెంట తీసుకుపోవడానికి వాళ్ల దేశపు ఎంబసీ కాగితమిస్తుందట. మళ్లీ ఎప్పుడు, ఏ వీసా మీద, ఎవరికి ఏమవుతానని రాసుకుని వస్తుందో చెప్పగలిగినవాళ్లు లేరు.

నందిగామ ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ముక్కు మునేటి ఒడ్డున ఉన్నవాడిదే. బర్త్ సర్టిఫికెట్టుకు వివరాలు రాసుకోవడానికి ఒకావిడ మంచం దగ్గరికి వచ్చింది. తల్లి పేరు మరిసెల్ పాస్‌పోర్టు చూసి రాసుకుంది.

"తండ్రి పేరు?"

లూర్దమ్మ గవర్నమెంటు చోట ఆ పేరు ఎన్నడూ పలికి ఎరగదు. "దేవరాజ్" అంది.

"ఆధార్ ఉందా?"

"ఆ పేరుకి లేదమ్మా. గుడి కాగితం ఉంది."

ఆవిడ కాగితం చూసి రాసుకుంది. అంతటితో అయిపోయింది. ప్రభుత్వం లెక్కలో హరిచరణ్ పెళ్లీ పెటాకులూ లేకుండానే పోయాడు. దేవరాజ్ ఈ దేశంలో పుట్టనే లేదు, కూతురు మాత్రం పుట్టింది. రత్నమణికి ఈ కోడలూ లేదు, ఈ మనవరాలూ లేదు. మిగిలిన లెక్కంతా లూర్దమ్మది.

"పాప పేరు?"

"లూర్దెస్" అంది మరిసెల్, అత్త వంక చూసి.

ఆవిడ రాస్తూ రాస్తూ ఆగింది. ఆవిడదీ ఏ పేటో ఏమో, గొంతు తగ్గించి, "బడిపేరు కూడా ఇప్పుడే అనుకోండి పెద్దమ్మా. తర్వాత మార్చాలంటే చానా కష్టం" అంది.

లూర్దమ్మ పిల్లను గుండెకు ఆనించుకుంది.

"వద్దమ్మా, ఒక్కటే రాయి. ఈ పిల్ల పోయే చోట రెండో పేరు అక్కర్లేదు."